కవాటం తెరుచుకున్న తర్వాత మిగిలిన ఆయాసం: గుండె-ఊపిరితిత్తుల వ్యాయామ పరీక్షపై సమీక్ష

ముడుచుకుపోయిన మైట్రల్ కవాటాన్ని బెలూన్‌తో తెరిపించుకున్నవారికి కొంతకాలం తర్వాత చేసే గుండె-ఊపిరితిత్తుల సంయుక్త వ్యాయామ పరీక్ష గురించీ, దానికి అనుబంధంగా జరిగే శ్వాస పరీక్షల గురించీ, ఈ సేవను అందించిన విభాగం పనితీరు గురించీ ఈ సమీక్ష రాస్తున్నాను. చికిత్స జరిగింది మా అక్కకు. ఆమెకు తోడుగా వెళ్లి, పరీక్ష జరుగుతున్నంతసేపూ పక్కనే ఉండి, నివేదికలోని అంకెల అర్థమేమిటో వైద్యులను అడిగి తెలుసుకున్నాను. ఆసుపత్రి పేరు కావాలనే ఇవ్వడం లేదు. ఈ పరీక్షను ఎక్కడ చేయించుకునేవారికైనా పనికొచ్చే విషయాలే చెప్పాలని నా ఉద్దేశం. నా అభిప్రాయం ముందుగానే చెప్పేస్తాను. కవాటం బాగా తెరుచుకుందని ఎకో (శబ్దతరంగాలతో గుండెను చూసే స్కాన్) చెబుతున్నా ఆయాసం పూర్తిగా పోని రోగికి ఇంతకంటే ఉపయోగపడిన పరీక్షను నేను చూడలేదు. అయితే ఫలితాన్ని విడమరచి చెప్పే వైద్యుడు లేకపోతే ఆ ఉపయోగంలో సగం కూడా రోగికి చేరదు.

ఈ పరీక్ష ఎందుకు అవసరమవుతుందో తెలియాలంటే, కవాటం ఇరుకైనప్పుడు ఊపిరితిత్తులకు ఏం జరుగుతుందో కొంత వివరంగా చెప్పుకోవాలి. గుండెలో ఎడమవైపు పై గది అయిన ఎడమ కర్ణికకూ, కింది గది అయిన ఎడమ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటం పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఆ ద్వారం వైశాల్యం ఆరోగ్యవంతులలో 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. చిన్నతనంలో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతు నొప్పి వచ్చి, ఆ వెనుకనే రుమాటిక్ జ్వరం సోకినవారిలో ఈ కవాటపు రెక్కల అంచులు ఏళ్ల తరబడి మెల్లమెల్లగా అతుక్కుంటూ పోతాయి. వైశాల్యం 1.5 చదరపు సెంటీమీటర్లకు గాని అంతకంటే తక్కువకు గాని దిగితే దానిని తీవ్రమైన ఇరుకుగా వైద్యులు లెక్కిస్తారు. రక్తం ఆ ఇరుకులో నుంచి దిగాలంటే కర్ణికలో పీడనం పెరగక తప్పదు. కర్ణికకూ ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరలకూ మధ్య ఏ కవాటమూ లేదు కనుక, పెరిగిన పీడనం నేరుగా ఊపిరితిత్తులలోని అతి సన్నని రక్తనాళాలైన కేశనాళికల దాకా వెనక్కు పాకుతుంది. అక్కడ అది సుమారు 25 మిల్లీమీటర్ల పాదరసం దాటిందంటే ద్రవం నాళాల నుంచి బయటికి ఊరి, మొదట గాలిగదుల చుట్టూ ఉన్న కణజాలంలోకి, ఆ తర్వాత గాలిగదులలోకి చేరుతుంది. తూము పూడుకుపోయినప్పుడు నీరంతా వెనక చెరువులో ఎక్కినట్టు, కవాటం దగ్గర ఆగిన భారమంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. అవి బిగుసుకుపోయి, ప్రతి శ్వాసకూ ఎక్కువ శ్రమను కోరుతాయి. జబ్బు గుండెదే అయినా రోగి మొదట చెప్పుకునే బాధ ఊపిరి అందకపోవడం కావడానికి కారణం ఇదే.

విశ్రాంతిగా కూర్చున్నప్పుడు ఏ ఇబ్బందీ లేని మనిషికి మెట్లెక్కగానే ఆయాసం ముంచుకురావడం వెనుక కూడా స్పష్టమైన లెక్క ఉంది. ఇరుకైన ద్వారం గుండా రక్తప్రవాహం రెండింతలైతే, ద్వారానికి ఇవతలి పీడనానికీ అవతలి పీడనానికీ మధ్య తేడా దాదాపు నాలుగింతలవుతుంది. పైగా ఈ కవాటం గుండా రక్తం దిగేది గుండె సడలే కాలంలో మాత్రమే. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో చక్రానికి ఒక సెకను వ్యవధి ఉంటుంది. వేగం 120కి చేరితే అది అర సెకను అవుతుంది, ఆ కోతలో అధికభాగం సడలే కాలం మీదనే పడుతుంది. శరీరం ఎక్కువ రక్తం అడుగుతున్న వేళలోనే రక్తం దిగడానికి దొరికే సమయం తరిగిపోతుందన్నమాట. మంచం మీద పడుకోబెట్టి తీసే ఎకోలో ఈ పరిస్థితి కనిపించదు. రోగి బతుకేమో నడకలోనూ, మెట్ల మీదా, బరువులెత్తే పనిలోనూ గడుస్తుంది.

బెలూన్ చికిత్స మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. జపాన్‌కు చెందిన గుండె శస్త్రవైద్యుడు కాంజి ఇనోవే 1982లో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో, తొడ మూలంలోని సిర గుండా సన్నని గొట్టాన్ని కుడి కర్ణికలోకి పంపి, రెండు కర్ణికల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి ఎడమవైపుకు చేరి, కవాటం మధ్యలో బెలూన్‌ను ఉబ్బించి అతుక్కుపోయిన అంచులను విడదీస్తారు. వైశాల్యం 1.5 చదరపు సెంటీమీటర్లు దాటి, రక్తం వెనక్కు కారడం మితిమీరకుండా ఉంటే చికిత్స సఫలమైనట్టు. అక్కకు అది 0.9 నుంచి 1.8కి పెరిగింది. రాత్రివేళ ఊపిరాడక లేచి కూర్చోవడం వెంటనే ఆగిపోయింది, వెల్లకిలా పడుకోగలిగింది. కానీ వారాలు గడిచినా రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తూనే ఉంది, మధ్యలో ఆగి నిలబడవలసి వస్తూనే ఉంది. 1.8 అంటే ఆరోగ్యవంతుల ద్వారంలో సగం కూడా కాదని చికిత్సకు ముందే రోగులకు నెమ్మదిగా వివరించడం అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను; ఆ మాట తెలియనివారు మిగిలిన ఆయాసాన్ని చికిత్స వైఫల్యంగా భావించి కుంగిపోతారు.

మిగిలిన ఆయాసానికి కారణాలు అనేకం ఉండవచ్చు. ఏళ్ల తరబడి ఎక్కువ పీడనాన్ని భరించిన ఊపిరితిత్తుల ధమనుల గోడలు మందమై ఉండవచ్చు. కవాటం తెరుచుకున్న వెంటనే వాటిలోని పీడనం కొంత తగ్గుతుంది, మిగిలినది తగ్గడానికి నెలలు పడుతుంది, కొందరిలో పూర్తిగా తగ్గనే తగ్గదు. కర్ణిక ఉబ్బిపోయి గుండె లయ తప్పి ఉండవచ్చు. రక్తహీనత ఉండవచ్చు. కవాటంతో సంబంధం లేని ఆస్తమా వంటి శ్వాసకోశ జబ్బు విడిగా ఉండవచ్చు. అన్నిటికంటే ఎక్కువమంది పట్టించుకోని కారణం మరొకటి ఉంది: ఆయాసానికి భయపడి సంవత్సరాల పాటు శ్రమ మానుకున్న మనిషి కాళ్ల కండరాలు ఆక్సిజన్‌ను వాడుకునే శక్తిని కోల్పోతాయి. బెలూన్ కవాటాన్ని నిమిషాలలో తెరుస్తుంది గాని కండరాలను మార్చలేదు. అందుకే చికిత్స జరిగిన కొత్తలో గుండె లోపలి పీడనాలు బాగుపడినంత వేగంగా వ్యాయామ సామర్థ్యం పెరగదు. ఈ కారణాలలో ఏది ఎంత అన్నది తేల్చడానికే గుండె వైద్యులు మమ్మల్ని ఈ పరీక్షకు పంపారు.

పరీక్షా విభాగం పనితీరులో నాకు నచ్చిన మొదటి విషయం వారు పాటించిన క్రమం. అక్క రాకముందే యంత్రానికి తెలిసిన పాళ్లలో కలిపిన వాయువును అందించి, మూడు లీటర్ల సిరంజితో గాలిని తోసి, కొలతలు సరిగా ఉన్నాయో లేదో సరిచూసుకున్నారు. ఎందుకని అడిగితే, ఇది ప్రతి శ్వాసలోని ఆక్సిజన్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ కొలిచే యంత్రం కనుక చిన్న తేడా కూడా తుది ఫలితాన్ని తప్పుదోవ పట్టిస్తుందని సాంకేతిక నిపుణురాలు ఓపికగా చెప్పారు. తర్వాత ఇటీవలి హిమోగ్లోబిన్ ఫలితం అడిగి రాసుకున్నారు. శరీరం వాడుకునే ఆక్సిజన్ అంటే గుండె పంపే రక్తం పరిమాణాన్ని, ధమనీ రక్తానికీ సిరా రక్తానికీ మధ్య ఉండే ఆక్సిజన్ తేడాతో గుణిస్తే వచ్చేదని జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫిక్ 1870లో చెప్పిన సూత్రం; రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువైతే ఆ తేడా తగ్గి, గుండె బాగున్నా ఫలితం తక్కువగా వస్తుంది. ఈ ఒక్క ప్రశ్న అడగడం మరిచే విభాగం నివేదికను నేను పూర్తిగా నమ్మలేను.

వ్యాయామానికి ముందే శ్వాస పరీక్షలు చేశారు, అది సరైన వరుస. స్పైరోమెట్రీ చాలామందికి తెలిసినదే: నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా బలంగా, చివరి దాకా ఊదాలి. దానితో పాటు గాలిగదుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత సులువుగా చేరుతోందో చూసే వ్యాపన పరీక్ష కూడా జరిగింది. చాలా స్వల్పంగా కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలిని పీల్చి, పది సెకన్ల పాటు బిగబట్టి, వదలాలి. ఆ వాయువు పేరు వినగానే అక్క భయపడింది. అది ఎంత తక్కువ మోతాదో, శరీరానికి ఎందుకు హాని చేయదో అప్పటికప్పుడు వివరించినందువల్లే ఆమె రెండవ ప్రయత్నం చక్కగా చేయగలిగింది.

వ్యాయామ భాగం సైకిల్ మీద జరిగింది. ఛాతీ మీద ఇసిజి తీగలు, చేతికి రక్తపోటు పట్టీ, వేలికి ఆక్సిజన్ సంతృప్తిని చూసే చిమటా, ముఖానికి గాలి బయటికి పోకుండా బిగించిన మాస్కు అమర్చారు. మొదట కదలకుండా కొన్ని నిమిషాలు కూర్చోబెట్టారు, తర్వాత బరువు లేకుండా తొక్కించారు, ఆ పైన బరువు నిమిషనిమిషానికీ కొద్దికొద్దిగా పెరుగుతూ పోయింది. అసలు శ్రమ 8 నుంచి 12 నిమిషాలలో ముగిసేలా బరువు పెరిగే వేగాన్ని రోగి శక్తిని బట్టి ముందే నిర్ణయిస్తారు. మరీ త్వరగా ముగిస్తే కొలతలు కుదరవు, మరీ సాగదీస్తే ఊపిరికి ముందే విసుగు రోగిని ఆపేస్తుంది. మాస్కు ఉన్నప్పుడు మాట్లాడలేరు కనుక, ఆయాసాన్నీ కాళ్ల అలసటనూ అంకెలతో సూచించే బోర్గ్ కొలమానాన్ని కళ్ల ముందు పెట్టి వేలితో చూపించమన్నారు. "ఇబ్బందిగా ఉంటే చెయ్యి ఎత్తండమ్మా, వెంటనే ఆపేస్తాం" అని సైకిల్ ఎక్కక ముందు చెప్పడమే గాక, మధ్యలోనూ మరోసారి గుర్తు చేశారు. గుండె వైద్యుడు ఒకరు పరీక్ష పొడవునా గదిలోనే ఉన్నారు. తీవ్రమైన కవాట వ్యాధి చరిత్ర ఉన్నవారికి ఈ పరీక్ష చేసేటప్పుడు వైద్యుడు గదిలో ఉండటం మర్యాద కోసం చేసే పని కాదు, అది కనీస భద్రత.

పరీక్ష ఆపగానే వేసిన ప్రశ్న నాకు ఎంతో విలువైనదిగా అనిపించింది: "మిమ్మల్ని ఆపింది ఊపిరా, కాళ్లా?" అక్క క్షణం ఆలోచించి కాళ్లని చెప్పింది. ఇంట్లో ఇన్నాళ్లూ ఆయాసమనే ఒక్క మాటతోనే చెప్పుకున్న బాధలో కాళ్ల అలసట ఎంత ఉందో ఆమెకు కూడా అప్పుడే తెలిసింది.

ఇక నివేదిక సంగతి. ఇందులో మొదట చూడవలసింది రోగి నిజంగా తన శక్తి మేరకు శ్రమించిందా లేదా అన్నది. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకున్న ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి 1.10 దాటితే శ్రమ సరిపోయిందని అర్థం. అక్కకు అది 1.14. అందువల్ల మిగిలిన అంకెలను నమ్మవచ్చు. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం నిమిషానికి శరీర బరువు కిలోకు 15 మిల్లీలీటర్లు వచ్చింది. ఆమె వయసుకూ ఎత్తుకూ ఉండవలసిన దానిలో ఇది 62 శాతం. గుండె వైఫల్యం రోగులను దృష్టిలో పెట్టుకుని వెబర్ అనే వైద్యుడు ఇదే కొలత ఆధారంగా రూపొందించిన వర్గీకరణలో 20కి పైన మొదటి తరగతి, 16 నుంచి 20 రెండవది, 10 నుంచి 16 మూడవది, 10 కంటే తక్కువ నాలుగవది. అంటే ఎకో ప్రకారం సఫలమైన చికిత్స తర్వాత కూడా ఆమె మూడవ తరగతిలోనే ఉంది. ఈ అంకెను ఒంటరిగా చూస్తే ఎవరికైనా గుండె జారిపోతుంది. పక్కనున్న అంకెలతో కలిపి చదివినప్పుడే దాని అర్థం తేటపడుతుంది.

ఊపిరితిత్తులే ఆమెను ఆపి ఉంటే శ్వాస నిల్వ, అంటే శ్రమ శిఖరంలో కూడా వాడకుండా మిగిలే శ్వాస శక్తి, దాదాపు హరించుకుపోయి ఉండేది. మొదటి సెకనులో ఊదిన గాలి పరిమాణాన్ని 40తో గుణించి నిమిషానికి గరిష్ఠంగా పీల్చి వదలగల గాలిని అంచనా వేస్తారు. శ్రమ శిఖరంలో వాడిన గాలిని దానితో పోలుస్తారు. అక్క తన శ్వాస శక్తిలో సగం కూడా వాడలేదు, ఆక్సిజన్ సంతృప్తి చివరి దాకా పడిపోలేదు. కనుక ఆస్తమా వంటి జబ్బు ఆపిందన్న అనుమానం తొలగింది. ఒక లీటరు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపడానికి ఎన్ని లీటర్ల గాలి పీల్చి వదలవలసి వస్తోందో చెప్పే వాలు 34 వచ్చింది. ఆరోగ్యవంతులలో ఇది మామూలుగా 30 లోపు ఉంటుంది. ఊపిరితిత్తుల రక్తనాళాలలో అధిక పీడనం ఉన్నప్పుడు ఎక్కువవుతుంది, ఎందుకంటే గాలి చేరిన చోటికి రక్తం సరిగా చేరక కొంత శ్వాస వృథా అవుతుంది. 34 అంటే ఆ నాళాలు ఇంకా పూర్తిగా కోలుకోలేదనడానికి ఒక సూచన, కానీ బెదిరిపోవలసినంత సంఖ్య కాదని వైద్యులు చెప్పారు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచినది ఆక్సిజన్ పల్స్. వాడుకున్న ఆక్సిజన్‌ను గుండె వేగంతో భాగిస్తే వచ్చే ఈ అంకె, గుండె ఒక్కో కొట్టుకు ఎంత రక్తం పంపుతోందో పరోక్షంగా చూపుతుంది. కవాటం ఇంకా బాగా ఇరుకుగా ఉంటే, గుండె వేగం పెరిగేకొద్దీ జఠరిక నిండే సమయం తగ్గి, ఈ రేఖ శ్రమ మధ్యలోనే చదునైపోతుంది. అక్క గ్రాఫులో అది చివరి దాకా మెల్లగా పైకే వెళ్లింది. కండరాలు వాయురహిత శక్తి మీద, అంటే ఆక్సిజన్ లేకుండా తయారయ్యే శక్తి మీద, ఆధారపడటం మొదలయ్యే బిందువు మాత్రం తొందరగా వచ్చింది. కవాటం అడ్డుపడటం లేదని, వాడకం లేక బలహీనపడిన కండరాలే ప్రధాన కారణమని ఈ చిత్రం సూచిస్తోందని వైద్యులు చెప్పి, అక్కడితో ఆగకుండా ఒక హెచ్చరిక కూడా జోడించారు: గుండె పరిమితినీ కండరాల బలహీనతనూ ఈ ఒక్క పరీక్షతో నిస్సందేహంగా విడదీయడం కుదరదు. అందుకని శ్రమలో ఉండగా ఎకో కూడా తీశారు. శ్రమలో కవాటం దగ్గర సగటు పీడనభేదం 15 మిల్లీమీటర్ల పాదరసం దాటితే ఇరుకు ఇంకా బాధిస్తోందని భావిస్తారు. అక్కకు అది దాటలేదు. ఒక యంత్రం చెప్పినదాన్ని తుది తీర్పుగా ప్రకటించకుండా మరో మార్గంలో సరిచూసుకున్న ఈ జాగ్రత్తే ఆ విభాగం మీద నాకు గౌరవం కలిగించింది.

శ్వాస పరీక్షలలో ఒక ఫలితం మమ్మల్ని కలవరపెట్టింది. బలంగా ఊదగల మొత్తం గాలి చికిత్సకు ముందు అంచనా విలువలో 74 శాతం ఉండగా ఇప్పుడు 83కి పెరిగింది. రక్తం నిల్వతో బిగుసుకున్న ఊపిరితిత్తులు తేలికపడితే ఇలా పెరగడం సహజం. వ్యాపన సామర్థ్యం మాత్రం పెరగకపోగా 70 నుంచి 66కి తగ్గింది. చికిత్స తర్వాత ఊపిరితిత్తులు పాడవుతున్నాయేమోనని అక్క ఆందోళన పడింది. కారణం వేరని శ్వాసకోశ వైద్యురాలు వివరించారు. కవాటం ఇరుకుగా ఉన్న కాలంలో కేశనాళికలలో అదనంగా నిలిచిన రక్తం ఆ పరీక్షలోని వాయువును ఎక్కువగా పట్టుకుంటుంది. అడ్డు తొలగి ఆ రక్తం తగ్గగానే పట్టుకునే హిమోగ్లోబిన్ కూడా తగ్గుతుంది. మరోవైపు, ఏళ్ల ఒత్తిడికి మందమైన గాలిగదుల పొర అంత తొందరగా పలచబడదు. ఈ రెండూ కలిసినప్పుడు రోగి మెరుగవుతున్నా ఈ అంకె కదలకపోవచ్చు, కొద్దిగా తగ్గనూ వచ్చు. ఈ వివరణ నాలుగు వాక్యాలలో నివేదికతో పాటే ఇచ్చి ఉంటే ఆ కొన్ని రోజుల ఆందోళన తప్పేది.

ఇక్కడే నా ప్రధాన ఫిర్యాదు మొదలవుతుంది. నివేదికను వైద్యుల సంప్రదింపు కంటే ముందుగా, మూసిన కవరులో, ఏ వివరణా లేకుండా చేతికిచ్చారు. మొదటి పుటలోనే వ్యాయామ సామర్థ్యం బాగా తగ్గిందని ముద్ర ఉంది; రెండవ పుటలో తొమ్మిది గ్రాఫులు ఉన్నాయి, వాటిలో ఒక్కటీ సామాన్యులు చదవగలిగేది కాదు. ఇంత సూక్ష్మమైన పరీక్షను ఇంత శ్రద్ధగా చేసిన విభాగం, రోగికి తెలిసిన భాషలో అరపుట వివరణ జోడించలేకపోవడం నిజంగా బాధాకరం. నివేదికను సంప్రదింపు రోజునే, వైద్యుల సమక్షంలో ఇస్తే ఈ సమస్య చాలావరకు తీరుతుంది.

రెండవ ఫిర్యాదు అంచనా విలువల గురించి. 62 శాతమన్నా, 83 శాతమన్నా, ఆ శాతాలు ఎవరితో పోల్చి తీసినవి? వయసు, లింగం, ఎత్తు, బరువుల ఆధారంగా ఉండవలసిన విలువను లెక్కించే సూత్రాలు అనేకం ఉన్నాయి, అవి వేర్వేరు జనాభాల నుంచి తయారైనవి. ఒకే మనిషికి ఒక సూత్రం ప్రకారం మామూలుగా కనిపించిన ఫలితం మరొక సూత్రం ప్రకారం తక్కువగా తేలవచ్చు. ఏ సూత్రం వాడారో నివేదికలో ఎక్కడా లేదు. అడిగిన తర్వాత చూసి చెప్పారు, కానీ అది అడగకుండానే అచ్చు కావలసిన సమాచారం. వేరే చోట మళ్లీ పరీక్ష చేయించుకుంటే ఈ ఒక్క వివరం లేక రెండు నివేదికలనూ పోల్చడం అసాధ్యమవుతుంది.

పరీక్షకు ముందు ఇచ్చిన సూచనలు కూడా చాలవు. వదులు దుస్తులు వేసుకోవాలని, కడుపు నిండా తిని రావద్దని చెప్పారు గాని మందుల ప్రస్తావన రాలేదు. మైట్రల్ కవాటం ఇరుకైనవారిలో చాలామంది గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడుతుంటారు. ఆ మందు ఉంటే గరిష్ఠ గుండె వేగం తగ్గుతుంది, ఆక్సిజన్ పల్స్ ఎక్కువగా కనిపిస్తుంది. మందు వేసుకుని రావాలా, ఆపి రావాలా అన్నది వైద్యులే నిర్ణయించాలి, రోగి సొంతంగా ఆపకూడదు. కానీ ఏదో ఒకటి ముందుగా, రాతపూర్వకంగా చెప్పాలి. అక్క మందు వేసుకునే వెళ్లింది, వైద్యులు దానిని లెక్కలోకి తీసుకుని చదివారు కనుక నష్టం జరగలేదు. మాస్కు విషయం చిన్నదే: మొదట పెట్టినది ముఖానికి వదులై గాలి కారితే సిబ్బందే గమనించి చిన్నది మార్చారు.

ఫలితం చూసి గుండె వైద్యులు అక్కను వ్యాయామ శిక్షణకు పంపారు. ఈ పరీక్ష ఇచ్చిన అసలు లాభం ఇదే అంటాను. సాధారణంగా రోగికి దొరికే సలహా రోజూ నడవమన్న ఒక్క మాట. ఎంత వేగంగా, ఎంతసేపు అన్నది చెప్పేవారు తక్కువ. వాయురహిత బిందువు దగ్గర గుండె వేగం ఎంతో తెలిసింది కనుక దానికి కాస్త దిగువన ఆమె శ్రమ స్థాయిని నిర్ణయించగలిగారు. సైకిలూ నడకా, వాటితో పాటు తొడ కండరాలకు బలాన్నిచ్చే తేలికపాటి కసరత్తులూ సాగాయి. కొన్ని నెలల తర్వాత అదే యంత్రం మీద, అదే వేగంతో బరువు పెంచుతూ జరిగిన రెండవ పరీక్షలో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం 19కి, అంటే అంచనా విలువలో 78 శాతానికి చేరింది. వాలు 31కి దిగింది. కవాటం వైశాల్యంలో ఈ మధ్య ఏ మార్పూ లేదు. పెరిగినదంతా శిక్షణ పుణ్యమేనని నేను అనను. ఊపిరితిత్తుల నాళాలు కోలుకోవడానికి దొరికిన సమయం వాటా కూడా అందులో ఉంది, వాలు తగ్గడం దానికి సాక్ష్యం.

ఈ పరీక్ష అందరికీ కాదు. కవాట చికిత్స తర్వాత ఆయాసం పూర్తిగా పోయి, పనులన్నీ మునుపటిలా చేసుకుంటున్నవారికి ఎకో, వైద్యుల పరిశీలన చాలు. 30 మీటర్ల వరండాలో ఆరు నిమిషాలు నడిపించి దూరం కొలిచే పరీక్ష ఎంతో సులువు, చాలామందికి అదే సరిపోతుంది. కాకపోతే అది ఎంత నడవగలరో చెబుతుంది గాని ఎందుకు ఆగారో చెప్పదు. ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికి వెళ్లే చోట ఉండే బృహద్ధమని కవాటం తీవ్రంగా ఇరుకై, ఆయాసమో ఛాతీ నొప్పో స్పృహ తప్పడమో ఉన్నవారికి చికిత్సకు ముందు ఈ వ్యాయామ పరీక్ష ప్రమాదకరం, చేయకూడదు. ఆ కవాటాన్ని మార్పించుకున్న తర్వాత కోలుకునే తీరు కూడా వేరు. అక్కడ ఇరుకుకు ఎదురు తోసి తోసి మందమైన ఎడమ జఠరిక గోడ పలచబడటానికి నెలలూ కొన్నిసార్లు సంవత్సరాలూ పడుతుంది. ఛాతీ ఎముక కోసి శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో మొదటి వారాలలో ఊపిరితిత్తుల పరిమాణాలు బాగా తగ్గి, మెల్లగా తిరిగి పెరుగుతాయి. కనుక అప్పుడే చేసిన శ్వాస పరీక్షను చూసి ఊపిరితిత్తుల జబ్బని తీర్మానించడం తొందరపాటు. 2002లో ఫ్రాన్స్‌లో అలెన్ క్రిబియే మొదటిసారి చేసి చూపిన పద్ధతిలో, ఛాతీ తెరవకుండా గొట్టం ద్వారా కవాటం అమర్చినవారికి ఆ కోత తాలూకు భారం ఉండదు.

అక్కకు ఇకపై ఏటా ఎకో తీయాలని, విడిపోయిన అంచులు మళ్లీ అతుక్కునే అవకాశం ఉంది కనుక దానిని మానరాదని చెప్పారు. రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా వేసే పెన్సిలిన్ సూది మందు కవాటం తెరుచుకున్న తర్వాత కూడా కొనసాగుతుంది. వ్యాయామ పరీక్షను ఏటా చేయనవసరం లేదు, ఆయాసం తిరిగి పెరిగితే అప్పుడు చేస్తారు. అప్పటికి పోల్చుకోవడానికి ఈ రెండు నివేదికలూ, వాడిన అంచనా సూత్రం పేరూ, పరీక్ష రోజున వేసుకున్న మందుల మోతాదూ, హిమోగ్లోబిన్ ఫలితమూ ఒకే చోట భద్రపరిచాము. ఈ పరీక్షకు వెళ్లేవారు ఈ నాలుగింటినీ విభాగాన్ని అడిగి రాయించుకోవాలని నా విన్నపం.